బాటిల్ పెట్టకపోతే పిసినారులమా?

ప్రశ్న: వచ్చే నెల మా గృహప్రవేశం. రెండొందల మంది భోజనాలకొస్తారు. అరిటాకులు వేసి, స్టీలు గ్లాసుల్లో నీళ్ళు పోయిద్దామని నా ఆశ. మా ఆడపడుచేమో "ఇప్పుడు గ్లాసులెవరు పెడుతున్నారు వదినా, అందరూ చిన్న బాటిల్సే ఇస్తున్నారు, మనల్ని పిసినారోళ్ళనుకుంటారు" అంటోంది. మావారు ఎటూ తేల్చడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీ ఆడపడుచుని తప్పుపట్టే అర్హత నాకు లేదమ్మా. కిందటేడు మా ఇంట్లో ఓణీల ఫంక్షన్‌కి నేనూ ఇదే టెన్షన్‌తో బాటిల్సే తెప్పించాను. సాయంత్రం చూస్తే షామియానా కింద కుర్చీకొకటి, రెండు గుక్కలు తాగి వదిలేసినవి! ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి నిషేధమే కానీ నీళ్ళ బాటిళ్ళు ఆ జాబితాలో లేవు, కాబట్టి ఇక్కడ చట్టం మీకు సాయం రాదు.

పక్కవాళ్ళని చూసి కొనడం ఒక్క బెజవాడ జబ్బు కాదు. అమెరికాలో ఒక హోటల్లో, వాడిన తువాలే మళ్ళీ వాడమని గదుల్లో కార్డులు పెట్టి చూశారు, ఫలితాలు 2008లో వచ్చాయి. పర్యావరణం కోసం అని రాస్తే 35 శాతం మంది విన్నారు, ఇక్కడ దిగినవాళ్ళలో ఎక్కువమంది అలాగే చేస్తున్నారని రాస్తే 44 శాతం, మరో విడతలో "ఈ గదిలోనే దిగినవాళ్ళు" అని రాస్తే 49. అరిజోనాలో రాయిగా మారిన చెట్ల ముక్కలుండే పార్కు ఒకటుంది. "చాలామంది ఎత్తుకుపోయారు, అడవి పాడైంది" అని బోర్డు పెట్టినప్పుడు, లెక్క కోసం గుర్తుపెట్టి ఉంచిన ముక్కల్లో 8 శాతం దాకా దొంగతనానికి పోయాయి, "తీసుకెళ్ళకండి" అన్నప్పుడు 2 శాతం లోపే పోయాయి. మీ ఆడపడుచు "అందరూ బాటిల్సే" అన్న మాట కూడా ఆ మొదటి బోర్డు లాంటిదే. వచ్చినవాళ్ళ ముందు మీరు కూడా "ఈ రోజుల్లో అందరూ ప్లాస్టిక్కేనండీ" అని వాపోకండి, తిరిగి మీకే తగులుతుంది.

అసలు కిటుకంతా మొదటి బంతిలో ఉంది. మీ వాళ్ళలో ఎవరి మాట చెల్లుతుందో, పెదమామగారో మేనత్తో, వాళ్ళని ముందు కూర్చోబెట్టి గ్లాసు నిండా చల్లటి నీళ్ళు పోయించండి. వాళ్ళు తాగితే రెండో బంతిలో ఎవరూ నోరెత్తరు. ఖర్చు కలిసొస్తుందని మాత్రం పొరపాటున కూడా అనొద్దు. ఆకు పెద్దది వేయించండి, నెయ్యి అడక్కుండా వడ్డించమనండి, ఎందుకంటే మనవాళ్ళు పిసినారితనం చూసేది నెయ్యి దగ్గరే, గ్లాసు దగ్గర కాదు.

అందరూ తాగిన గ్లాసులు ఎంగిలేమోనని ఎవరైనా అనుమానపడితే మాత్రం అది న్యాయమైనదే. బంతికి ఎన్ని గ్లాసులు కావాలో దానికి రెట్టింపు అద్దెకు తెప్పించి, వేడినీళ్ళతో కడగడానికి విడిగా ఒక మనిషిని పెట్టమని కేటరింగ్ అతనికి ముందే చెప్పండి. పేపర్ కప్పులతో సరిపెడదామంటారేమో, వాటి లోపలా ప్లాస్టిక్ పూతే. మరీ పట్టుబట్టేవాళ్ళ కోసం ఒక కేసు బాటిల్స్ లోపలి గదిలో ఉంచుకోండి, వడ్డించే బల్ల మీద మాత్రం పెట్టకండి.