బాదంపిండి బన్నులు: తొలి పొట్లం వృథా కాకుండా

గాజువాక నుంచి డాలస్‌కు బయలుదేరుతున్న ఒక అమ్మాయి, తన భర్తకు ఏ ధాన్యమూ సరిపడదనీ, అక్కడ బన్నులు ఇంట్లోనే చేసుకోవచ్చా అనీ అడిగింది.

తప్పకుండా చేసుకోవచ్చమ్మా. అయితే మీరు జాగ్రత్త పడవలసింది ఖర్చు విషయంలో. 2012లో నేను విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి అక్కడికి చేరినప్పుడు డాలరు యాభై రూపాయలు దాటి ఉంది. బాదంపిండి పొట్లం చేతిలో పట్టుకుని, ఆ డబ్బుకు పూర్ణా మార్కెట్‌లో ఎన్ని రోజుల కూరగాయలు వస్తాయో లెక్క వేసుకుంటూ దుకాణంలో చాలాసేపు నిలబడిపోయాను. అంత ఖరీదైన పిండి మొదటి నెలలోనే మూడుసార్లు చెత్తబుట్ట పాలైంది.

మొదటిసారి వేడి దగ్గర పొరబడ్డాను. నేను రాసుకున్న పద్ధతిలో 175 డిగ్రీలని ఉంది. అది సెల్సియస్ లెక్క. అక్కడి ఓవెన్లు ఫారెన్‌హీట్‌లో ఉంటాయని తోచక అదే అంకె నొక్కాను. అంటే 80 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. గంట తరువాత విరిచి చూస్తే లోపలి ముద్ద ఇంకా వేలికి అంటుకుంటూనే ఉంది. మీరు 350 పెట్టాలి. రెండోసారి ఆదా చేద్దామని బాదంపిండికి బదులు అంతే కొబ్బరిపిండి వేశాను; అది నీరంతా పీల్చేసుకుని పొడిపొడిగా రాలిపోయింది. మూడోసారి ఇసబ్‌గోల్ పొడి వేయవలసిన చోట పొట్టును చెంచాలతో కొలిచాను. పొట్టు తేలిక కనుక బరువు తగ్గింది, బయటికి తీయగానే బన్నులు చదునుగా కూలిపోయాయి. గోధుమలో గ్లూటెన్ అనే సాగే ప్రోటీను ఇచ్చే పట్టును ఇక్కడ ఇసబ్‌గోల్, తెల్లసొన ఇవ్వాలి. అందుకే పిండి కంటే ముందు గ్రాముల త్రాసు కొనండి.

చేయి తిరిగేదాకా ఒక్క గుడ్డుకు మించి చేయవద్దు. 50 గ్రాముల బాదంపిండి, 15 గ్రాముల ఇసబ్‌గోల్ పొడి, కొద్దిగా ఉప్పు, చిటికెడు వంట సోడా, దానికి రెట్టింపు క్రీమ్ ఆఫ్ టార్టార్ (సోడాతో కలిసి పొంగించే పుల్లటి తెల్లపొడి) కలపండి. బేకింగ్ పౌడర్‌లో తరచుగా మొక్కజొన్న పిండి ఉంటుంది కనుక దానిని నేను వాడను. ఒక తెల్లసొన, ముప్పావు టీస్పూను వెనిగర్, 80 మిల్లీలీటర్ల మరిగే నీరు పోసి అర నిమిషం గబగబా కలిపితే ముద్ద బిగుస్తుంది. చపాతీ పిండిలా మర్దించనక్కరలేదు. తడిచేత్తో రెండు ఉండలు చేసి, దాదాపు 50 నిమిషాలు కాల్చండి. అడుగున తట్టితే డొల్లగా మోగాలి. ఓవెన్ ఆపి, తలుపు కొద్దిగా తెరిచి, చల్లారేదాకా అందులోనే ఉంచండి. కొన్ని రకాల ఇసబ్‌గోల్‌తో లోపల ఊదారంగు వస్తుంది, పాడైందనుకుని పారేయకండి.

ఇక్కడి నుంచి ఏవి తీసుకువెళ్లవచ్చో కస్టమ్స్ వారి నిబంధనల్లో చూసుకోండి. సీలియాక్ (గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) పరీక్ష ఇంకా కాకపోతే, అది అయ్యేదాకా గోధుమ మానవచ్చో లేదో డాక్టరును అడగండి.

రోజూ బన్నులంటే ఖర్చు మోయలేరు. బియ్యం కలపని పెసరట్టు వారంలో నాలుగు రోజులు వేయండి. బన్నులు కుదిరిన తరువాత ఒకేసారి మూడు గుడ్ల కొలతతో ఆరు చేసి, చల్లారాక మధ్యకు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. గడ్డకట్టాక కోయబోతే విరిగిపోతాయి.