‘ప్రోత్సాహం’ బదులు ఇంకో మాట పెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. ‘ప్రోత్సహించింది’ ఆరుసార్లు వచ్చిందని నీకే అనిపించి, నిఘంటువు తెరిచి నాలుగుచోట్ల వేరే మాటలు పెట్టావు. చదువుతుంటే ఆ నాలుగుచోట్లా కాలికి రాయి తగులుతోంది. తప్పు నిఘంటువుది కాదు. శబ్దరత్నాకరమైనా సూర్యరాయాంధ్రమైనా అర్థం చెబుతాయి. ఆ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటారో నువ్వు చూసుకోవాలి.

ముందు విభక్తి. రమను ప్రోత్సహించింది. రమకు ధైర్యం చెప్పింది. రమ వెన్ను తట్టింది. క్రియ మారగానే ‘ను’ పోయి ‘కు’ వస్తుంది, ఒక్కోసారి ఏదీ రాదు. నువ్వు మాట మార్చి ప్రత్యయం వదిలేశావు, అందుకే ‘కూతురిని భరోసా ఇచ్చింది’ అని మిగిలింది. మాట ఒక్కటీ తీసి అతికించకు, వాక్యం మొత్తం మళ్లీ రాయి.

తర్వాత సమయం. పరీక్షకు బయల్దేరే పిల్లకు ధైర్యం చెబుతాం. ఫలితాల కోసం గోళ్లు కొరుక్కుంటుంటే భరోసా ఇస్తాం. అందులో ‘ఏమైనా నేనున్నాను’ అనే పూచీ ఉంది, అది పడగలిగిన మనిషే ఇవ్వాలి. పదేళ్ల తమ్ముడు అక్కకు భరోసా ఇచ్చాడంటే పాఠకుడు నవ్వుతాడు (నవ్వించాలనుకుంటే సరే). తప్పిందని తెలిశాక ఓదారుస్తాం. ఓదార్పు ఇచ్చేవాళ్లది, ఊరట పొందేవాళ్లది. ఇక ప్రోత్సాహం అంటే ప్ర, ఉత్సాహం కలిసిన మాట. ఉత్సాహం వీరరసానికి స్థాయిభావం, అంటే ఆ రసానికి మూలమైన భావం, కాబట్టి ఎదురుగా చెయ్యాల్సిన పని ఒకటి ఉండాలి. ముసుగుతన్ని ఏడుస్తున్న పిల్లను ప్రోత్సహించలేం. సప్లిమెంటరీకి ఫీజు కట్టమనేటప్పుడు ప్రోత్సహిస్తాం.

పురికొల్పడం మంచికీ చెడుకీ చెల్లుతుంది. ఉసిగొల్పడం కుక్కను మీదికి తోలడం దగ్గర పుట్టిన మాట. ఎగదోయడం పొయ్యిలో కట్టెను లోపలికి నెట్టడం. నీ కథలో మేష్టారు పిల్లను ‘ఎగదోశాడు’ అన్నావు. ఆ ఒక్క మాటతో ఆయన తగువుల మారి అయిపోయాడు.

‘ఆశ’ దగ్గర మరీ జాగ్రత్త. ఆశ కల్పించడం మంచిపని. ఆశ పెట్టడం అనుమానించాల్సిన పని, ఆశ చూపడం దాదాపు లంచం. ‘వాడికి ఆశ ఎక్కువ’ అంటే ఎవరూ మెచ్చుకోలు అనుకోరు. ‘ఆశ లావు పీక సన్నం’ అనే సామెత ఉండనే ఉంది. రైతు నోట ‘ఆశించింది’ అని వినబడితే పంటకు పురుగో తెగులో పట్టిందని అర్థం. పత్తిచేను పక్కన నడిచే కథలో ఈ మాట ఎంత బాగా ఉపయోగపడుతుందో ఆలోచించు.

కొన్ని మాటలకు ఈమధ్య సర్కారు ముద్ర పడింది. తెలంగాణలో 2014 నుంచి ‘ఆసరా’ అంటే పింఛను గుర్తుకొస్తుంది. ‘ముసలమ్మకు ఆసరా దొరికింది’ అని రాస్తే పాఠకుడి ముందు పాసుపుస్తకం కనబడొచ్చు. భరోసా, చేయూత కూడా సర్కారు పథకాల పేర్లలో చేరాయి, వాటిదీ అదే గతి. అక్కడ ‘అండ’, ‘దన్ను’, ‘ఊతం’ చూడు, తేటగా ఉంటాయి.

మాట ముందు ‘అ’నో ‘నిర్’నో తగిలిస్తే వ్యతిరేకపదం వస్తుందని బళ్లో నేర్పిన సూత్రం సగమే పనిచేస్తుంది. ధైర్యానికి అధైర్యం, ఉత్సాహానికి నిరుత్సాహం ఉన్నాయి. ‘అప్రోత్సాహం’ లేదు. భరోసాకీ దన్నుకీ ముందు ఏ ఉపసర్గా అతకదు. ఆశకు నిరాశ అంటాం కానీ, ఆశ అంటే అత్యాశ అయినచోట దాని ఎదురు తృప్తి. ఏ అర్థంలో వాడావో తేలాకే ఎదుటి మాట వెతకాలి. నిరాశ మనిషి స్థితి, అడియాస ఫలించని ఆశ. కాబట్టి ఆశలు అడియాసలవుతాయి, మనిషి ‘అడియాస చెందడు’. నిస్పృహలో ఉన్న స్పృహ సంస్కృతంలో కోరిక. తెలుగులో అది తెలివి అయి కూర్చుంది. అందుకే ‘నిస్పృహలోకి జారింది’ అని నువ్వు రాసినచోట, పిల్ల మూర్ఛపోయిందా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ‘డీలా పడింది’, ‘ఉసూరుమంది’ అని రాస్తే ఆ బాధ లేదు. ప్రోత్సహించడానికి ఎదురుగా ‘నిరుత్సాహపరచింది’ అనే బరువు మాట కన్నా ‘నీరుగార్చింది’, ‘ఉత్సాహం మీద నీళ్లు చల్లింది’ మేలు.

ఒక నోటుపుస్తకం పెట్టుకో. పేజీకి ఒక్క మాట. పర్యాయపదాల వరస రాయకు. విన్న వాక్యం పూర్తిగా, ఎవరు ఎవరితో అన్నారో, అదే సందర్భంలో ఎదుటి మాట ఏమిటో రాయి. పన్నెండు పేజీలు నిండితే ఈ కథకు చాలు.

చివరిగా సంభాషణ. ‘నేను నిన్ను ప్రోత్సహిస్తున్నాను’ అని ఏ తల్లీ అనదు. ‘వస్తుందిలే’ అంటుంది. మొత్తం ధైర్యం ఆ ‘లే’లో ఉంది. అదే ‘లే’ తండ్రి నోట ‘చూద్దాంలే’ అయితే నీళ్లు చల్లడమే. నువ్వు మొదట ‘ప్రోత్సహించింది’ అని రాసిన ఆరుచోట్లలో మూడింటిని కొట్టేసి, అక్కడ వాళ్లిద్దరి చేతా మాట్లాడించి పంపు.

ఉంటాను.