మేనకోడలికి మావయ్య ఉత్తరం

చి. స్వాతికి మావయ్య ఆశీస్సులు.

ఫంగస్‌కు కొత్త మందులు వెతికే ల్యాబ్‌లో పీహెచ్‌డీకి చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మందుల కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరైనవాణ్ణి కదా, నా టెన్షన్ నాది.

ఏ రోజు ప్రయోగం ఆ రోజే నోట్‌బుక్‌లో రాసుకో. తిండి మానేసి ల్యాబ్‌లో కూర్చుంటే మీ అమ్మకు చెబుతాను.

ఫంగస్ మనకు దాయాది. దాని కణం, మన కణం చాలావరకు ఒక్క తీరే. దాన్ని కొట్టబోతే మనకూ తగులుతుంది. ఆంఫోటెరిసిన్ అనే మందు పట్టుకోవాల్సింది ఫంగస్ పొరలోని ఎర్గోస్టెరాల్ అనే కొవ్వుని, కానీ మన కొలెస్టరాల్‌నూ కొంత పట్టుకుంటుంది. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చిన నా స్నేహితుడికి అదే ఎక్కించారు. రోజూ కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా వాళ్ళావిడ మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. అందుకని ప్లేటులో ఫంగస్ చచ్చిందని గంతులేయకు తల్లీ. అదే వారం మనిషి కిడ్నీ కణాల మీదా వేసి చూడు.

ఇక అసలు సంగతి. నెదర్లాండ్స్‌లో అజోల్ అనే రకం ఫంగస్ మందు ఎన్నడూ వాడని రోగుల్లోనూ దానికి లొంగని ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ దొరికింది. ఎలాగంటే, పొలాల్లో, పూలదుంపల మీద కొట్టే తెగులు మందులూ అజోల్సే. ఆసుపత్రిలో వొరికొనజోల్, చేలో టెబుకొనజోల్. రెండూ ఆపేది సీవైపీ51 అనే ఒక్క ఎంజైమునే. మందు అంటిన ఆకూ అలమూ కుళ్ళే కుప్పల్లో ఆ ఫంగస్ రాటుదేలింది, గాలిలో ఎగిరి ఊపిరితిత్తుల్లోకి చేరింది. మిరపకు బూడిద తెగులొస్తే మీ నాన్న కొట్టే డబ్బా తిప్పి చూడు, చాలావాటి మీద పేరు చివర 'కొనజోల్' అనే ఉంటుంది. ఆయన్ని మాత్రం ఏమీ అనకు. పంట పోతే మీ ఫీజు ఎవరు కట్టేవారు?

ఇంత తెలిసీ మళ్ళీ అదే చేస్తున్నారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఒలోరోఫిమ్ అనే కొత్త మందు ఇంకా ట్రయల్స్‌లో ఉండగానే, ఆ మందు ఆపే ఎంజైమునే ఆపే ఇప్‌ఫ్లూఫెనోక్విన్ అనే తెగులు మందుకు తోటల్లో వాడటానికి అనుమతి వచ్చేసింది. దానికి అలవాటుపడిన ఆస్పర్‌జిల్లస్ ఒలోరోఫిమ్‌కూ లొంగకపోవడం ల్యాబుల్లో చూశారు. ఏళ్ళ తరబడి ఒకరు చేసిన పని, మందు రోగి దగ్గరికి చేరకముందే సగం పోయినట్టు కాదూ? నీకలా కాకూడదు.

మొదటి మీటింగ్‌లోనే మీ గైడ్‌ను అడుగు, మనం ఎంచుకున్న ఎంజైము మీద తెగులు మందుల కంపెనీలు ఎవరైనా పేటెంట్ వేశారా అని. విసుక్కుంటే విసుక్కోనీ. ల్యాబ్‌లో ఏళ్ళుగా పెంచుతున్న ఫంగస్‌తోనే సరిపెట్టుకోకుండా, తోట మట్టిలోని ఆస్పర్‌జిల్లస్‌నూ పరీక్షలో పెట్టు. మట్టి సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వే తీసుకెళ్దువు గాని. మీ అమ్మకు కొరియర్ చేయమని చెప్పావో, అదే సంచిలో ఆవకాయ సీసా కూడా పెట్టి పంపిస్తుంది.

మీ మావయ్య