ముషారఫ్ అంత తొందరగా ఎట్లా పడిపోయాడు?

పాకిస్తాన్‌ను ఏలిన జనరల్ ముషారఫ్, అంత పట్టున్న మనిషి, ఏడాదిన్నరలో ఎట్లా దిగిపోయాడని అడిగారు కదా. మాది కోరుట్ల. 2004 నుంచి 2012 దాకా దుబాయిలో, సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉన్నాను. మా కంపెనీ బస్సు నడిపే పెద్దాయనది పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్. చాచా అని పిలిచేవాణ్ణి. మన వైపు ఉర్దూకు ఆయన నవ్వేవాడు గానీ, ముచ్చట్లు బాగానే నడిచేవి.

చాచాకు మొదట్లో ముషారఫ్ అంటే ప్రాణం. 1999 అక్టోబర్ 12 కథ ఎన్నిసార్లు చెప్పాడో! కొలంబో నుంచి ముషారఫ్ విమానంలో వస్తుండగానే అప్పటి ప్రధాని నవాజ్ షరీఫ్ ఆయన ఆర్మీ చీఫ్ పదవి పీకేశాడు. విమానాన్ని కరాచీలో దిగనీయలేదు. ఈలోపు సైన్యం ఎయిర్‌పోర్టును పట్టుకుంది. గాల్లో ఉద్యోగం పోయినవాడు నేల మీద దిగేసరికి దేశం ఆయన చేతిలో ఉంది. కార్గిల్ చేయించింది ఆయనే కాబట్టి నాకు ఒళ్ళు మండేది. అయినా రోజూ ఆ బస్సే ఎక్కాలి, ఏమనేది?

నా లెక్కలో పతనం మొదలైంది 2007 మార్చి 9న. చీఫ్ జస్టిస్ ఇఫ్తికార్ చౌదరిని ఆ రోజు పక్కన పెట్టాడు. ఆయన రాజీనామా చేయనన్నాడు, నల్లకోట్ల వకీళ్ళు రోడ్డెక్కారు. వాళ్ళను పోలీసులు కొడుతుంటే పాకిస్తాన్ చానెల్ జియో టీవీలో చూసి చాచా మొదటిసారి ముషారఫ్‌ను తిట్టాడు. జులైలో సుప్రీంకోర్టు ఆ చీఫ్ జస్టిస్‌ను మళ్ళీ కూర్చోబెట్టింది. నవంబర్ 3న ముషారఫ్ ఎమర్జెన్సీ పెట్టాడు. జియో ప్రసారాలు దుబాయి నుంచే వచ్చేవి, ఆ నెల నడుమ అవి కూడా ఆగిపోయాయి. మెస్సులో ఖాళీ తెర ముందు పాకిస్తానీలంతా టెన్షన్‌గా కూర్చున్నారు.

నవంబర్ 28న యూనిఫాం విడిచి, చీఫ్ చేతికర్రను కొత్త ఆర్మీ చీఫ్ కయానీకి అప్పగించాడు. "డండా ఇచ్చేశాడు, ఇక ఇంటికే" అన్నాడు చాచా. నెల తిరగకముందే మాజీ ప్రధాని బేనజీర్ భుట్టో హత్య. ఫిబ్రవరి ఎన్నికల్లో ప్రతిపక్షాలు గెలిచాయి. అవి అభిశంసనకు సిద్ధమయ్యేసరికి 2008 ఆగస్టు 18న ముషారఫ్ అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. డండా ఇచ్చి తొమ్మిది నెలలు కూడా నిండలేదు.

తర్వాత 2016లో వైద్యం పేరుతో దుబాయి చేరాడు. అక్కడ ఉండగానే 2019లో దేశద్రోహం కేసులో ఉరిశిక్ష పడింది. 2023 ఫిబ్రవరి 5న దుబాయి ఆసుపత్రిలోనే చనిపోయాడు. అప్పటికి నేను ఇంటి దగ్గరే ఉన్నాను. టీవీలో వార్త వస్తుంటే మా అమ్మ బీడీలు చుట్టడం ఆపి, "ఈయన గూడ దుబాయిలనే పోయిండా?" అంది.