చూళపంథకుడికి గుడ్డ ఇచ్చిన గురువు

బౌద్ధ మహనీయుల్లో ఎవరి జీవితం మీకు పనికొచ్చింది అని అడిగారు. నాకైతే బుద్ధుడి శిష్యుడు చూళపంథకుడిది.

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు, కోసిగి దగ్గర. ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. మా జిల్లాలోనే, గుత్తి-పత్తికొండ దారిలో, ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. తల్లిదండ్రుల మాట వినాలని, శిష్యుడు గురువును గౌరవించాలని అక్కడ చెక్కించాడు. మరి గురువు శిష్యుడికి ఏం చేయాలి? అది నాకు చూళపంథకుడి కథలో దొరికింది.

రాజగృహంలో అన్న మహాపంథకుడు, తమ్ముడు చూళపంథకుడు ఇద్దరూ భిక్షువులు. అన్న అప్పటికే అర్హతుడు, అంటే పూర్తి జ్ఞానం పొంది విముక్తుడైనవాడు. తమ్ముడికి నాలుగు పాదాల గాథ (పద్యం) ఒకటి ఇస్తే నాలుగు నెలలైనా రాలేదు. కొత్త పాదం పట్టుబడేసరికి పాతది పోయేది. ఇక ఇంటికి వెళ్లిపొమ్మన్నాడు అన్న. ఆయన్ని చెడ్డవాడనుకోను. చదువు సులువుగా అబ్బినవాళ్లకు అది అబ్బనివాళ్ల అవస్థ అంత త్వరగా అర్థం కాదు.

తర్వాత జరిగింది థేరగాథల్లో, అంటే పెద్ద భిక్షువుల పద్యాల సంకలనంలో, చూళపంథకుడే చెప్పుకున్నాడు. ఆరామం గుమ్మం దగ్గర దిగులుగా నిలబడి ఉంటే బుద్ధుడే వచ్చి, తల నిమిరి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడట. చేతికో గుడ్డ ఇచ్చాడు. జాతక కథలో అది తెల్లటి గుడ్డ. 'రజోహరణం, రజోహరణం' (దుమ్ము తుడిచేది) అనుకుంటూ దాన్ని రుద్దమన్నాడు. రుద్దేకొద్దీ మాసింది. ఇందాక తెల్లగా ఉన్నది ఇంతలోనే ఇట్లయిందే అనుకున్నాడు. అక్కడే అతనికి అనిత్యత తెలిసింది, అర్హతుడయ్యాడు.

బుద్ధుడు ఆ గాథను మళ్లీ వల్లె వేయించలేదు. పాఠాన్నే మార్చాడు. ఈ ఒక్క సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నానో!

మా ఊళ్లలో దీపావళి దాటితే చాలా కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. ఉగాదికి తిరిగొస్తాయి. పిల్లలూ వెంటే. నాలుగో తరగతికి వచ్చిన ఒక పిల్లోడికి అప్పటికీ గుణింతాలు రావు. వాచకం తెరిస్తే తల వంచుకునేవాడు. "వానికి సదువు రాదులే సార్, గొర్లకు పంపిస్తాం" అన్నాడు వాళ్ల నాయన.

వాచకం పక్కన పెట్టి, సుగ్గికి పోయినప్పుడు చూసిన ఊర్లన్నీ చెప్పరా అన్నాను. ఆదోని, గుంటూరు, నరసరావుపేట, సత్తెనపల్లి... ఆపకుండా చెప్పాడు. పలక మీద ఒక్కో పేరే రాయించాను. నరసరావుపేట రాసిన రోజు పలక పట్టుకుని బడంతా తిరిగాడు. ఆ పేర్లలోని అక్షరాలతోనే మెల్లగా వాచకానికి వచ్చాం. ఒత్తుల దగ్గర ఇంకా తడబడతాడు, అయినా తనంతట తానే పుస్తకం తీస్తాడు.

వాడి చెల్లెలికి మాత్రం ఊర్ల పేర్లు పనికిరాలేదు. ఆ పిల్లకు బొడ్డెమ్మ ఆడేటప్పుడు పాడే పాటలు నోటికొచ్చు, ఇప్పుడు వాటిని రాయిస్తున్నాను.