ఓటర్ల జాబితా చేతికిచ్చి పంపండి

మామిడికుదురు మండలం నుంచి ఒక తండ్రి రాశారు: "అయ్యా, మా చిన్నమ్మాయి అమలాపురంలో బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. పెద్దమ్మాయిని పాలకొల్లు ఇచ్చాం. చిన్నది ఇంటర్ నుంచీ బ్యాంకు ఉద్యోగమే అంటోంది. ఇప్పుడు పంచాయతీ ఎన్నికల మాట వినపడగానే, మా వీధిలో సర్పంచ్‌గా నిలబడతానంటున్న ఒకావిడ తరఫున వాలంటీరుగా తిరగడం మొదలుపెట్టింది. మురుగు డ్రెయిను బాగు చేయిస్తామన్నది వాళ్ల మాట. ఆవిడ మంచి మనిషే. కానీ రేపు ఉద్యోగం వస్తే పోలీసు విచారణలో ఇది అడ్డం పడుతుందా? ఎదుటి వర్గం నెగ్గితే ఊళ్లో మాకు ఇబ్బంది కాదా? మానిపించమంటారా?"

మానిపించకండి. ఇప్పుడు ఆ అమ్మాయికి ఏ పని అప్పగించారో మాత్రం ఈ రాత్రే అడగండి. నా సలహా అంతా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు ఒక మాట సరిచేసుకుందాం. మన రాష్ట్రంలో వాలంటీరు అంటే, 2019లో యాభై ఇళ్లకు ఒకరు చొప్పున, నెలకు ఐదు వేల గౌరవ వేతనంతో పెట్టిన ఉద్యోగమే అందరికీ గుర్తొస్తుంది. మీ అమ్మాయి రేపు దరఖాస్తులో ఆ ఒక్క మాట రాసి వదిలేస్తే చదివినవారు పొరపాటు పడతారు. "పంచాయతీ ఎన్నికల్లో స్వచ్ఛందంగా పనిచేశాను" అని రాసి, పక్కనే ఏం చేసిందో రాయాలి.

ఇక పోలీసు విచారణ. మధ్యప్రదేశ్‌లో ఒక ఉపాధ్యాయుడు గతంలో ఒక పార్టీ కార్యక్రమాల్లో పాల్గొన్నాడని పోలీసులు నివేదిక పంపితే ఆయనను ఉద్యోగంలోంచి తీసేశారు. అది చెల్లదని 1983లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మన తెలుగువారే. చదువుకునే రోజుల్లో ఎవరి తరఫునో ఓటు అడిగినంత మాత్రాన ఉద్యోగానికి అనర్హత రాదు. ఉద్యోగంలో చేరాక సంగతి వేరు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తన నియమాలు రాజకీయాల జోలికి వెళ్లవద్దంటాయి, ప్రభుత్వ రంగ బ్యాంకు అధికారుల నియమాలూ ఆ మాటే చెబుతాయి. అంటే మీ అమ్మాయికి ఈ పని చేసే వీలున్నది ఇప్పుడే. బ్యాంకులో కుర్చీ ఎక్కాక తన ఊరి డ్రెయిను కోసం ఒక అభ్యర్థి పక్కన నిలబడడం కుదరదు.

అడ్డం పడేది కేసు. ఉద్యోగం వచ్చాక నింపే ధ్రువీకరణ పత్రంలో, ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు ఉందా అని సూటిగా అడుగుతారు. ఉన్నది దాస్తే ఆ దాచడమే ఉద్యోగానికి ముప్పు తేవచ్చు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం విడమరిచి చెప్పింది. కేసు చిన్నదైతే యాజమాన్యం మన్నించవచ్చు గానీ, ఇవ్వాల్సిన సమాచారం నిజంగా ఇచ్చి తీరాలి. మీ జిల్లా వారికి దీని గురించి నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. 2022 మే 24న, జిల్లా పేరు మార్పు మీద రేగిన అల్లర్లలో అమలాపురంలో ఏం జరిగిందో, ఆ తరవాత ఎంతమంది కుర్రవాళ్ల పేర్లు కేసుల్లోకి ఎక్కాయో మీరు చూశారు.

నా అనుభవం ఇంతకన్నా చిన్నది. డిగ్రీ రెండో ఏట మా పేటలో ఒక అభ్యర్థి కోసం నలుగురం రాత్రిపూట గోడల మీద రాతలు రాయడానికి వెళ్లాం. బకెట్టులో సున్నం, డబ్బాలో జాజు, ఈతమట్ట నలగ్గొట్టి చేసిన కుంచె. ఆ గోడ యజమానిని అడగాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. మూడో అక్షరం దగ్గర ఆయన లేచి వచ్చాడు, తెల్లవారేదాకా పోలీస్ స్టేషన్ బల్ల మీద కూర్చున్నాం. మమ్మల్ని పంపిన నాయకుడికి కబురు వెళితే "వాళ్లెవరో నాకు తెలియదు" అన్నాడట. మా నాన్నగారు వచ్చి బతిమాలుకుంటే కేసు రాయకుండా వదిలారు. రాసి ఉంటే ఈ ఉత్తరాలకు జవాబు ఇంకెవరో రాస్తుండేవారు. అందుకే మొదటి షరతు: గోడ రాతలు, బైకు ర్యాలీలు, రాత్రి ప్రయాణాలు వద్దు. డబ్బు కవర్లు గానీ సీసాలు గానీ ఉన్న సంచీని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేర్చమని ఎంత దగ్గరివారు అడిగినా పట్టుకోకూడదు. "అందులో ఏముందో నాకు తెలియదు" అన్న మాట స్టేషన్‌లో ఎవరూ నమ్మరు.

మరి ఏం చేయాలి? ఓటర్ల జాబితా పని అడిగి తీసుకోమనండి. ప్రచారంలో మెరుపు లేని పని ఇదే, అందుకే దీనికి ఎవరూ ముందుకు రారు. పంచాయతీ ఎన్నికల జాబితాను అసెంబ్లీ జాబితా నుంచి తీసి వార్డులవారీగా విడగొడతారు. ఒక్కో వార్డులో ఉండేవి కొన్ని వందల ఓట్లే, పది పేర్ల తేడా ఫలితాన్ని తిప్పేయగలదు. ఆ కాగితాలు అట్టకు క్లిప్పు పెట్టుకుని, పెన్సిలు తీసుకుని ఇంటింటికీ వెళ్లాలి. చనిపోయిన తాతగారి పేరు ఇంకా ఉంటుంది. గల్ఫ్ వెళ్లిన కొడుకు పేరు ఉంటుంది, నాలుగేళ్ల కిందట కాపురానికి వచ్చిన కోడలి పేరు ఉండదు. అరుగు మీద కొబ్బరి ఈనెలు చీరుతున్న ముసలమ్మ తల ఎత్తకుండానే "పోయినసారి నా ఓటు లేదన్నారు తల్లీ" అంటుంది. పేజీ తిప్పి చూస్తే ఆమె పేరు పక్క వార్డులో, ఇంటిపేరు తప్పుగా అచ్చయి దొరుకుతుంది. కొత్త పేరుకు ఫారం 6, తొలగింపునకు ఫారం 7, సవరణకూ చిరునామా మార్పుకూ ఫారం 8. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీలు. పద్దెనిమిది నిండబోతున్నవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫారాలు బీఎల్వో (పోలింగ్ బూత్ స్థాయి అధికారి) దగ్గరికి వెళ్లాయా, అక్కడ ఎన్ని ఆగిపోయాయి, ఎందుకు ఆగాయి అని వెంటపడడంలోనే ఆ అమ్మాయి ప్రభుత్వ కార్యాలయం ఎలా నడుస్తుందో నేర్చుకుంటుంది. ఏ కాలేజీలోనూ ఆ పాఠం లేదు.

బీకాం అమ్మాయి కాబట్టి ఇంకో పని కూడా అడగవచ్చు. అభ్యర్థి తన ఖర్చుల లెక్క అధికారులకు అప్పజెప్పాలి. చాలా ఊళ్లలో ఆ పుస్తకం చివరి వారంలో జ్ఞాపకం మీద రాస్తారు. ఆటో బాడుగ, మైకు అద్దె, కరపత్రాల అచ్చు, టీ ఖర్చు, ఇవన్నీ ఏ రోజువి ఆ రోజు రసీదుతో రాసిపెట్టే మనిషి దొరికితే ఆవిడకు సగం తలనొప్పి తగ్గుతుంది. ఒక షరతు: రసీదు లేని ఖర్చు రాయమంటే ఆ పుస్తకం తిరిగి ఇచ్చి రావాలి.

డ్రెయిను విషయం గోదావరి వారికి కొత్త కాదు. ధవళేశ్వరం నుంచి నీరు తెచ్చే కాలువ ఒకటి, చేలోంచి ముంపు నీటిని సముద్రానికి తీసుకుపోయే మురుగు కాలువ ఇంకొకటి. రెండోది గుర్రపుడెక్కతో పూడిపోతే మొదటిది ఉండీ లాభం లేదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వారి గోడులో ఈ ముంపు బాధ కూడా ఉంది. మీ అమ్మాయి ఆ డ్రెయిను గట్టు వెంట ఒక ఉదయం నడిచి, ఎక్కడ పూడిందో, ఎక్కడ చేపల చెరువుల వాళ్లు గట్టు కోశారో, ఏ తూముకు తలుపు లేదో కాగితం మీద గీసి తెస్తే, ఆ పటం విలువ పది మైకు ఉపన్యాసాలకు ఉండదు. ఆ పని పంచాయతీది ఎంతవరకు, నీటిపారుదల శాఖది ఎంతవరకు అన్నది కూడా తేల్చుకుని రావాలి. తన చేతిలో లేనిదాన్ని హామీగా ఇస్తున్న అభ్యర్థికి ఆ మాట నెమ్మదిగా చెప్పగలిగితే ఇంకా మంచిది.

ఇదంతా ఉద్యోగానికి పనికొస్తుందా అంటే, ఉన్నమాట చెబుతాను. బ్యాంకు ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ క్లర్కు ఎంపికలో ఇంటర్వ్యూ లేదు, కాబట్టి అక్కడ దీనికి ఒక్క మార్కు కూడా రాదు. ప్రొబేషనరీ ఆఫీసర్ ఎంపికలో ఇంటర్వ్యూ ఉంది. "ఎన్ని ఇళ్లు తిరిగావు, ఎన్ని ఫారాలు నింపావు, ఎన్ని తిరస్కరించారు, ఎందుకు?" అన్న ప్రశ్నకు అంకెలతో జవాబిచ్చే అమ్మాయి బోర్డుకు గుర్తుండిపోతుంది. అందుకే రోజూ ఒక నోటు పుస్తకంలో ఆ లెక్క రాసుకోమనండి. డిగ్రీ అయ్యాక ఇటువైపే మనసు లాగితే, చట్టసభల పనిని అధ్యయనం చేసే పీఆర్ఎస్ సంస్థ నడిపే లాంప్ ఫెలోషిప్ ఉంది, అందులో యువ పట్టభద్రులు ఏడాదికి కాస్త తక్కువగా పార్లమెంటు సభ్యుల దగ్గర పనిచేస్తారు. ఎన్నికల సర్వేలు చేసే కంపెనీల పిలుపుకు మాత్రం చదువు మానుకుని వెళ్లవద్దు. సీజను అయిపోగానే ఆ పనీ అయిపోతుంది.

మీ రెండో భయం ఊరి గురించి. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు, కానీ ఎవరు ఎవరి వైపో చెట్టుకూ పుట్టకూ తెలుసు. ఎదుటి అభ్యర్థి మీకు వరసకు వదినో పెద్దమ్మో అయి ఉంటుంది కూడా. ఎన్నికలు అయిన మర్నాడు అదే కాలువ రేవులో కలవాలి. కాబట్టి ఆ అమ్మాయి ఏ గుమ్మంలోనూ ఎదుటివారిని పేరు పెట్టి ఒక్క మాట అనకూడదు. ఎదుటి అభ్యర్థి ఇంటికి కూడా జాబితా పట్టుకుని వెళ్లి, "అత్తయ్యా, మీ ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయా చూడండి" అని అడిగి రావాలి. ఇది నేను చాలామందికి చెప్పాను, చేసినవాళ్లు తక్కువ. ఫోనులో వచ్చిన వెక్కిరింత బొమ్మలను ఇంకో గ్రూపుకు పంపడం పూర్తిగా మానుకోవాలి. నోటి మాట గాలికి పోతుంది, ఫోనులో పంపినది తారీఖుతో సహా నిలిచి ఉంటుంది.

తిరగడం ఎప్పుడూ ఇద్దరుగా, దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరేలా. పొద్దున్న రెండు గంటలు బ్యాంకు పరీక్ష చదువు తప్పకూడదు. సెమిస్టరు పరీక్షలకు పదిహేను రోజుల ముందు జాబితాను ఇంకొకరికి అప్పజెప్పేయాలి, ఆ సంగతి అభ్యర్థికి ఇప్పుడే చెప్పి ఉంచితే తరవాత మొహమాటం ఉండదు.

మొదటి రోజు ఎక్కడికీ పంపకండి. జాబితాలో మీ డోరు నంబరున్న పేజీ తీసి మీ ముందే చదవమనండి. పాలకొల్లు ఇచ్చిన మీ పెద్దమ్మాయి పేరు ఇంకా అక్కడే ఉందేమో చూడండి. ఉంటే ఆవిడకు ఫోను చేసి, ఫారం 8తో అత్తవారి ఊరికి మార్పించే పని చిన్నమ్మాయికే అప్పగించండి.