చిల్లర సందేహాలు: రంగు మారిన బిళ్ల, అచ్చు తప్పిన బిళ్ల

(జవాబులు: విశాఖలో ముప్ఫయ్యేళ్లు బ్యాంకు క్యాష్ కౌంటర్లో కూర్చుని రిటైరైన ఒక నాణేల పిచ్చోడు)

ప్రశ్న: పూర్ణా మార్కెట్ దగ్గర మాకు టిఫిన్ కొట్టు ఉంది. గల్లాపెట్టెలో మూడు అయిదు రూపాయల బిళ్లలు తేడాగా కనిపించాయి. రెండు రాగిలా ఎర్రగా ఉన్నాయి, ఒకటి నల్లగా నీలం మెరుపుతో ఉంది. టంకశాలలో పొరపాటు జరిగిన బిళ్లలివి, యాభై వేలు పలుకుతాయి అంటున్నాడు మా అల్లుడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, వన్‌టౌన్

జవాబు: అమ్మా, మీ అల్లుణ్ణి ఏమీ అనకండి. ఇలాంటి ఎర్ర బిళ్లకే నేను మూడొందలు పోశాను. బీచ్ రోడ్డులో ఒకాయన "రాగి మీద అచ్చు పడింది సార్" అన్నాడు, నమ్మేశాను. ఇంటికొచ్చి మురిసిపోతుంటే మా ఆవిడ దేవుడి గూట్లోంచి నాలుగు బిళ్లలు తెచ్చి నా ముందు పెట్టింది. అన్నీ అదే ఎరుపు! ఇత్తడి కుందులతో పాటు చింతపండు నీళ్లలో వేసి, తెల్లారేదాకా మర్చిపోయిందట.

2009 నుంచి వస్తున్న పసుపు రంగు అయిదు రూపాయల బిళ్లలో నూటికి 75 పాళ్లు రాగి, 20 జింకు, 5 నికెల్. పులుపులో ఎక్కువసేపు నానితే పైపొరలోని జింకు ముందు కరిగిపోతుంది, రాగి మిగిలిపోతుంది. సాంబారుకి చింతపండు పిసికే చోట ఇదేం వింత కాదు. నల్లదానికి పొయ్యి వేడి తగిలి ఉండొచ్చు. వేడెక్కిన రాగి మిశ్రమం మీద నీలం, ఊదా ఛాయలు తేలతాయి. వేడి లేకపోయినా మన ఊళ్లో ఉప్పుగాలి, చెమట చాలు కిలుము పట్టడానికి. నేను కౌంటర్లో ఉన్న రోజుల్లో సంచి విప్పగానే చిల్లర ఎక్కడిదో చెప్పేసేవాణ్ణి. ఫిషింగ్ హార్బర్ చిల్లర జిగురుగా, గోధుమ మచ్చలతో వచ్చేది (వాసన సంగతి చెప్పను). మార్గశిరంలో బురుజుపేట అమ్మవారి గుడి వైపు నుంచి వచ్చే చిల్లరకి పసుపు కుంకుమలు అంటుకుని ఉండేవి.

టంకశాల తప్పు రంగులో కాదు, ఆకారంలో వెతకాలి. అచ్చు పక్కకి జరిగితే ఒక వైపు నెలవంకలా ఖాళీ మిగులుతుంది. అచ్చు వేయకముందే రేకు కొంత తెగిపోయి ఉంటే అంచున కొరికినట్టు ఉంటుంది. ఒకే అంకె రెండుసార్లు పడొచ్చు. ఇంకో పరీక్ష ఉంది: సింహాలు నిటారుగా ఉండేలా పట్టుకుని, పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకి తిప్పండి. మన నాణేల్లో వెనకవైపు కూడా నిటారుగానే రావాలి. తలకిందులుగానో, బాగా వాలిపోయో వస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

వేరే లోహం మీద అచ్చు పడిందని ఇంకా అనుమానమా? కురుపాం మార్కెట్లో ఏ కంసాలి కాటా మీదైనా పెట్టి చూడండి. మీ బిళ్ల 2019కి ముందుదైతే 6 గ్రాములు, ఆ ఏడాది నుంచి వస్తున్న కొత్త నమూనాదైతే 6.74 గ్రాములు తూగాలి. వాడకంలో అరిగి రవ్వంత తగ్గినా ఫరవాలేదు. యాభై వేల మాట మర్చిపోండి. బిళ్ల కొంటాం, ముందు కమీషన్ కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. తన పేరు చెప్పి ఇలా వసూళ్లు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

ప్రశ్న: అయిదు రూపాయల బిళ్లలన్నీ పసుపుగా ఉంటే 2007 నాటిది ఒకటి తెల్లగా ఉంది. తప్పు బిళ్లేనా?
– డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: కాదు బాబూ. ఆ ఏడాది, తర్వాతి ఏడాది ఉక్కుతోనే వేశారు. అయస్కాంతం దగ్గర పెట్టు, టక్కున అంటుకుంటుంది. పసుపుది అంటుకోదు.

ప్రశ్న: నా రెండు రూపాయల బిళ్ల మీద సంవత్సరం కింద నక్షత్రం లేదు. పైగా అంకె మీదుగా సన్నని గీత ఉంది. రెండూ పొరపాట్లేనా?
– ఆటో డ్రైవర్, గాజువాక

జవాబు: నక్షత్రం హైదరాబాద్ టంకశాల గుర్తు. వజ్రం ఆకారం ముంబైది, చుక్క నోయిడాది. కోల్‌కతా వాళ్లు ఏ గుర్తూ పెట్టరు. కాబట్టి మీది అక్కడి బిళ్ల అయ్యుండాలి, అందులో తప్పేం లేదు.

గీత సంగతి వేరు, దాన్ని తేలిగ్గా తీసేయకండి. గోటితో మెల్లగా తడిమి చూడండి. గోరు లోపలికి దిగితే అది ఎక్కడో రాసుకుపోయిన గీత. గోటికి గట్టులా తగిలితే మాత్రం అచ్చుదిమ్మే పగిలి ఉంటుంది. కొట్టిన దెబ్బకి ఆ పగుల్లోకి లోహం ఎక్కి బిళ్ల మీద అలా ఉబ్బుతుంది. నా దగ్గర అలాంటివి రెండే ఉన్నాయి, రెండూ కౌంటర్లో నా సొంత డబ్బు వేసి మార్చుకున్నవే. గట్టులా తగిలితే కాగితంలో చుట్టి దాచి, ఫొటో పంపండి. చింతపండుతో మాత్రం తోమకండి.